తుప్పు మాత్రలు

మా ఇంట్లో వాటిని అలాగే పిలిచేవాళ్ళం. డబ్బా మీద వేరే పేరుండేది కానీ పలకడానికి మాకు నోరు తిరిగేది కాదు. ద్రాక్ష గింజల సారం, గ్రీన్ టీ ఆకుల సారం, ఇంకేవో బెరళ్ళూ పళ్ళూ కలిపి గొట్టం మాత్రల్లో నింపిన పొడి. ఒంట్లో కణాలు పాడవకుండా కాపాడుతుందని డబ్బా చుట్టూ రాసి ఉండేది.

వాటి వల్ల నేను రెండుసార్లు ఆసుపత్రిలో పడ్డాను, రెండుసార్లూ లేచి ఇంటికొచ్చాను. ఆ రోగం నా ఒంట్లో పుట్టి నా ఒంట్లోనే పోయి ఉంటే ఇలా కూర్చుని రాసేదాన్ని కాదు. అది ముందు మా అత్తయ్య మీద పడింది, తర్వాత మావారి మీద పడింది. నేను మాత్రం శుభ్రంగా కోలుకుని రెండు పూటలా తింటూ వాళ్ళిద్దరి మధ్యా తిరుగుతున్నాను. సిగ్గుగా ఉంటుంది.

2002, దీపావళి తర్వాత

మావారు సత్యం ఉక్కు కర్మాగారంలో పనిచేస్తారు. ఇనుప కట్టడాలకు పట్టిన తుప్పు గీకించి రంగు వేయించడం ఆయన పని. సముద్రపు గాలికి మా ఊళ్ళో కిటికీ చువ్వలు కూడా ఏడాది తిరిగేసరికి పొట్టు రాలుస్తాయి. ఇక కర్మాగారం సంగతి చెప్పేదేముంది. ఈ చివర రంగు వేయడం పూర్తయ్యేసరికి ఆ చివర మళ్ళీ తుప్పు లేస్తుంది. ఆయనకి ఈ లోకంలో ఉన్న ఒకే ఒక్క శత్రువు తుప్పు.

అలాంటి మనిషిని తోటి ఉద్యోగి ఒకాయన గాజువాకలో ఏదో కల్యాణ మండపంలో జరిగిన మీటింగుకి తీసుకెళ్ళాడు. అక్కడ టై కట్టుకున్న ఒకతను రెండు గ్లాసులు పెట్టాడట. ఒకదాంట్లో ఉప్పునీళ్ళలో మేకు, రెండోదాంట్లో వాళ్ళ పొడి కలిపిన ఉప్పునీళ్ళలో మేకు. మొదటి మేకు ఎర్రగా తుప్పెక్కింది. రెండోది నల్లగా నిగనిగలాడుతోంది. మనిషి ఒళ్ళు కూడా ఇనుములాంటిదే, పీల్చే గాలితోనే లోపల తుప్పు పడుతుంది, మా గొట్టాలు ఆ తుప్పుని ఆపుతాయి అన్నాడట. కళ్ళు తిరిగే మాటలు ఎన్ని చెప్పినా మావారు పడేవారు కాదు. మేకు చూపించేసరికి పడిపోయారు.

ఇంటికొచ్చి ఆకుపచ్చ డబ్బా నా ఒళ్ళో పెట్టారు.

“ఇన్నేళ్ళూ నాను ఇనుముని కాపాడుకొస్తన్నాను గానీ ఇంట్లో మనిషిని సూసుకోలేదు లలితా. ఈ మద్దిన నీరసంగా ఉంటన్నావు. రోజూ పొద్దున్నే పరగడుపున ఏసుకో.”

“మరి మీకో?”

“నాకేటి, దున్నపోతులాగున్నాను. ముందు నువ్వేసుకో.”

ఇద్దరికీ కొనే స్తోమత మాకు లేదు. ఆ సంగతి ఆయన పైకి అనలేదు, నేనూ అనలేదు.

ఇంకో మాట కూడా ఆ మీటింగులో నేర్చుకొచ్చారు. “ఇది మందు కాదు, ఆహారం.” ఆ మాటని మా ఇంటిల్లిపాదీ వల్లించాం. అడిగిన పక్కింటివాళ్ళకీ అదే చెప్పాం.

రోజూ పొద్దున్న ఆయన మంచం పక్కకొచ్చి గొట్టాలు నా అరచేతిలో పోసి, నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడేవారు. నిజం చెప్పాలంటే నాకది బాగుండేది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నాకోసం ఎవరూ గ్లాసు పట్టుకుని నిలబడలేదు. అత్తయ్య వంటింట్లోంచి చూసి నవ్వేది. “పెళ్ళాం సేవ బాగా సేత్తన్నావురా నాయినా. కాపీ కూడా నువ్వే కలుపు, నాను కూకుంటాను” అనేది. ఆవిడ పేరు పైడమ్మ. పద్మనాభం దగ్గర పల్లెలో పొలం పని చేసిన మనిషి. మామయ్య పోయాక మా దగ్గరికే వచ్చేసి, వంటిల్లు తన రాజ్యం చేసుకుంది. నేను గోదావరి జిల్లా పిల్లని. మా నాన్న పోర్టు ఉద్యోగానికి ఇక్కడికొచ్చి ఉండిపోయారు. ఆవిడ పులుసుకీ మా పులుసుకీ పొంతన లేదని మొదట్లో మూతి ముడుచుకున్నాను కానీ తర్వాత ఆవిడ వంటే అలవాటైపోయింది.

2003, ఫిబ్రవరి

మొదట అన్నం వాసన పడలేదు. తర్వాత కాఫీ. ఒళ్ళంతా దురద. మా అమ్మాయి పదో తరగతి పరీక్షలకి చదువుకుంటూ తలెత్తి, “అమ్మా, నీ కళ్ళేంటి పసుపు రాసుకున్నట్టున్నాయి?” అంది. అప్పటికి వారం నుంచీ నేను అద్దం చూసుకుంటూనే ఉన్నాను. ఆ పసుపుని చూడదలచుకోలేదు అంతే.

ఆసుపత్రిలో బయట బెంచీల మీద కూర్చుని ఎదురుచూడటం ఒక ఉద్యోగం. నంబరు పిలిచేదాకా లేవకూడదు, లేస్తే చోటు పోతుంది. పక్కనున్నవాళ్ళ రోగాలన్నీ వినాలి. నాకు వాంతి వస్తే ఆపుకుంటూ, ఆయన భుజం మీద తల వాల్చి కూర్చున్నాను. పెద్ద డాక్టరు గారు కళ్ళు లాగి చూసి, పొట్ట నొక్కి, అడగాల్సిన ప్రశ్నే అడిగారు.

“మందులేమైనా వాడుతున్నారా?”

“లేదండీ” అన్నాను.

ఆయన మావారి వైపు తిరిగారు. “పసర్లు, నాటు మందులు?”

“అబ్బే, అలాటివి మేం నమ్మమండి” అన్నారు మావారు కాస్త గొప్పగానే.

మేమిద్దరం అబద్ధమాడలేదు. మందు కానిదాన్ని మందుల్లో ఎలా చెబుతాం? పసరు అంటే ఊళ్ళో ముసలాళ్ళు పోసేది. మావి సైన్సు. ఆ బెంచీ మీద అంతసేపు కూర్చున్నవాళ్ళం, అడిగిన ఆ ఒక్క ప్రశ్నకీ జవాబు పోగొట్టుకున్నాం.

వార్డులో పెట్టారు. మావారు సంచీ సర్దుకొస్తూ, “తుప్పు మాత్రలు తెచ్చీయనా?” అని అడిగారు. “ఇక్కడెందుకండీ, ఇక్కడ ఎలాగూ మందులిస్తున్నారుగా” అన్నాను. డబ్బా ఇంట్లో ఫ్రిజ్జు మీదే ఉండిపోయింది.

నా పక్క మంచం మీద సముద్రపొడ్డున చేపల వేటకెళ్ళే కుటుంబంలో అమ్మాయి. ఆ పిల్ల తల్లి నూకాలు నేల మీద చాప వేసుకుని ఉండేది. ఒకరోజు అత్తయ్య ఇంటికెళ్ళినప్పుడు నాకు వాంతులు మొదలైతే, నూకాలే వచ్చి జుట్టు వెనక్కి పట్టుకుని, తన చెంగుతో మూతి తుడిచింది. తర్వాత అంది, “మీయమ్మ ఒచ్చీదాకా నాను సూత్తాన్లే, పడుకో.”

“ఆవిడ మా అమ్మ కాదు, అత్తగారు.”

“అత్తా! ఓలమ్మో, ఆ కాళ్ళు నొక్కడం సూసి అమ్మనుకున్నాను” అని బుగ్గలు నొక్కుకుంది.

ఆసుపత్రిలో పెట్టిన తిండే తిన్నాను. రోజులు గడిచేకొద్దీ కళ్ళు తెల్లబడ్డాయి, ఆకలి వేసింది. ఇంటికి పంపించారు.

ఏప్రిల్, మే

నీరసంగా ఉన్నాను కదా అని మావారు గొట్టాలు ఎక్కువ ఇవ్వడం మొదలుపెట్టారు. పొద్దునా సాయంత్రం రెండు పూటలా. పోయిన బలమంతా తిరిగి రావాలని ఆయన తపన. అత్తయ్య పత్యం మొదలుపెట్టింది. నూనె చుక్క లేని చప్పిడి కూర, మెత్తని అన్నం, పల్చటి మజ్జిగ. ఆవిడా మా అమ్మాయీ కూడా నాతోపాటు అదే తిన్నారు, నా ముందు కారం తినడం ఇష్టంలేక.

మే నెల ఎండల్లో మళ్ళీ వాంతులు. మళ్ళీ దురద. మళ్ళీ కళ్ళు.

ఈసారి భయం వేరేలా వచ్చింది. మొదటిసారి రోగమని భయపడ్డాను. రెండోసారి, ఇక బతకను అనిపించింది. పిల్ల ఇంకా చిన్నది. పడుకుని పైకప్పు చూస్తూ లెక్కలు వేసేదాన్ని. ఆసుపత్రిలో బాగున్నాను. ఇంటికొస్తే పడిపోతున్నాను. ఆసుపత్రిలో లేనిదీ ఇంట్లో ఉన్నదీ ఏమిటి? నీళ్ళు మార్చి చూశాం. మా అమ్మ ఫోనులో, ఇల్లు అచ్చిరాలేదేమో చూపించుకోండి అంది. చివరికి నా బుర్ర వంటింటి దగ్గర ఆగింది.

తుప్పు మాత్రలు ఆ లెక్కలోకే రాలేదు. రోజూ ప్రేమగా అరచేతిలో పోసేదాన్ని ఎవరు అనుమానిస్తారు?

ఒక మధ్యాహ్నం ఆయన డ్యూటీ నుంచి రాగానే అన్నాను. “ఏమండీ, మీ అమ్మగారి చేతి అన్నం లోపలికెళ్తేనే వికారం వస్తోంది. ఏం వేస్తున్నారో ఏమో.”

ఆ చివరి మాట అనాల్సింది కాదు. నోట్లోంచి వచ్చాక వెనక్కి తీసుకునే ఓపిక కూడా లేకపోయింది. తలుపు దగ్గర అత్తయ్య మజ్జిగ గ్లాసుతో నిలబడి ఉంది. గ్లాసు కిటికీలో పెట్టి వెళ్ళింది.

మర్నాడు పొద్దున్నే సంచీ పట్టుకుని బయల్దేరింది. “పెందుర్తిలో పిల్ల రమ్మంటంది. నాల్రోజులు ఉండీసి ఒత్తాను” అంది. ఆడపడుచు రమ్మనలేదని మా ముగ్గురికీ తెలుసు. మావారు ఆపలేదు. ఆటో ఎక్కించి వచ్చి, నా పక్కన కూర్చుని, “అమ్మకి వయసైపోతంది, కళ్ళు సరిగ్గా ఆనట్లేదు. ఏటైనా పురుగో పుట్రో సూసుకోకుండా పడీసిందేమో” అన్నారు. ఆ మాట అనడానికి ఆయన ఎంత నలిగారో నాకు కనిపిస్తూనే ఉంది. అయినా ‘కాదులెండి’ అనలేదు నేను. అత్తయ్య వంట వల్ల కోడలికి కామెర్లు తిరగబెట్టాయని చుట్టాలందరికీ పాకిపోయింది. పాకడానికి మా అమ్మ ఫోను చాలు.

రెండోసారి వార్డుకి వెళ్ళేసరికి నేను నిలబడలేకపోతున్నాను. ఈసారి ఒక చిన్న డాక్టరమ్మ వచ్చి మంచం అంచున కూర్చుంది. ఫైలు పక్కన పెట్టేసింది.

“పొద్దున లేచిన దగ్గర్నుంచి మీ నోట్లోకి వెళ్ళేవన్నీ వరసగా చెప్పండి. అది మందా కాదా అని మీరు తేల్చకండి. నేను తేలుస్తాను.”

“పేస్టు” అన్నాను. “తర్వాత తుప్పు మాత్రలు. తర్వాత కాఫీ, ఇప్పుడు మానేశాను...”

“ఆగండి. తుప్పు మాత్రలేంటి?”

నవ్వుతూనే చెప్పాను. మేకుల కథ కూడా చెప్పాను. ఆవిడ నవ్వలేదు. ఎప్పుడు మొదలుపెట్టారు, ఎన్ని, పరగడుపునేనా, మొదటిసారి ఇక్కడున్నప్పుడు వేసుకున్నారా అని ఒక్కొక్కటే అడిగింది. నేను జవాబు చెప్పేకొద్దీ నా గొంతు నాకే వినపడటం తగ్గిపోయింది.

“ఇవేనని ఒట్టేసి చెప్పలేను” అంది చివరికి. “కానీ ఇక్కడికొస్తే తగ్గుతోంది, ఇంటికెళ్తే పెరుగుతోంది. టీ ఆకు అందరూ తాగేదే. దాని సారాన్ని అంత చిక్కగా చేసి, ఖాళీ కడుపున, నెలల తరబడి వేసుకుంటే కొందరి కాలేయం తట్టుకోలేదు. ఇక ముట్టుకోకండి. మూడోసారి ఇలా వస్తే మాత్రం నేను మీకేమీ మాటివ్వలేను.”

ఆవిడ లేచి వెళ్ళిన కాసేపటికి మావారు రక్తపరీక్ష కాగితాలు పట్టుకుని వచ్చారు. గడ్డం మాసి ఉంది. చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నారు. “ఏటన్నారు డాక్టరమ్మ?” అన్నారు.

“ఏడాది దాకా ఏ బలం మాత్రలూ వద్దన్నారు. కాలేయానికి విశ్రాంతి కావాలట” అన్నాను.

“తుప్పు మాత్రలు కూడానా?”

“అన్నీ.”

“సరే అయితే, దాసి ఉంచుతాను. నువ్వు లేచాక మళ్ళీ ఏసుకుందువు గాని” అని కాళ్ళ మీద దుప్పటి సర్దారు. ఆ మనిషికి ఏమని చెప్పను?

జూన్

వానలు మొదలయ్యాక ఇంటికొచ్చాను. కాస్త నడవగలిగిన రోజున, ఆయన డ్యూటీకి వెళ్ళగానే ఆటో మాట్లాడుకుని పెందుర్తి వెళ్ళాను. ఆడపడుచు నన్ను చూసి మొహం తిప్పుకుని లోపలికెళ్ళింది. అత్తయ్య వీధరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నేను పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. డాక్టరమ్మ మాటలూ, మేకులూ, గొట్టాలూ, అన్నీ. చెప్పి, ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చాను. “మిమ్మల్ని అంత మాట అన్నాను అత్తయ్యా. ఈరోజే ఆయనకీ, అందరికీ చెప్పేస్తాను.”

ఆవిడ గింజలు తీయడం ఆపింది.

“ఆడికి సెప్పీసినావేటి?”

“ఇంకా లేదు.”

“సెప్పకు.”

నాకర్థం కాలేదు.

“ఆడు సిన్నప్పుడు మా దూడకి జొన్న పిలకలు కోసి మేపినాడమ్మా. లేత జొన్న ఇసం అని పిల్లోడికేటి తెలుస్తాది? ఆడు సేత్తో పెడతంటే అది తిన్నాది, సాయంత్రానికి సచ్చిపోయింది. ఆ తర్వాత ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆడు ఒక్క పశువుకి మేతెయ్యనేదు. కొట్టినా ఎయ్యనేదు. ఇప్పుడు పెళ్ళానికి ఆడే పెట్టీసినాడని తెలిస్తే ఆడు మరి మనిషి కాడు.”

“మరి మీ మీద నింద?”

“నాను ముసల్దాన్ని. పురుగు సూసుకోనేదు అంటారు. అంటే అననీ, నాకేటి తరుగుతాది? నువ్వు బతికినావు, సాలు. నాకు తెల్సు, నీకు తెల్సు. ఆడికొద్దు.”

నేను ఊఁ అన్నాను. ఆవిడ మంచితనం వల్ల ఊఁ అన్నానని చెప్పుకోవచ్చు. అసలు సంగతి, ఊఁ అనడం నాకూ సులువుగా ఉంది.

దసరాకి ఆవిణ్ణి ఇంటికి తీసుకొచ్చాం. వంటింట్లోకి రాలేదు. కూరలు తరిగి ఇచ్చేది, పొయ్యి దగ్గరికి మాత్రం వచ్చేది కాదు. ఎప్పుడైనా మరిచిపోయి గరిటె అందుకుంటే మావారు మెల్లగా, “నువ్వొద్దులే అమ్మా, కూకో” అనేవారు. ఆవిడ గరిటె పెట్టేసి కూర్చునేది. నాకు అన్నం దిగేది కాదు. అది చూసి మావారు, “ఇంకా ఆకలి పుట్టట్లేదా లలితా?” అని కంగారుపడేవారు.

2004

మావారి స్నేహితుడు గోవింద కూర్మన్నపాలెంలో ఉంటాడు. ఒక ఆదివారం దిగాలుగా వచ్చాడు. భార్యకి కామెర్లట. మావారు అతన్ని కూర్చోబెట్టి ధైర్యం చెబుతున్నారు. నేను కాఫీ కలుపుతూ వింటున్నాను.

“బావా, ఏటీ బయపడకు. మా ఆవిడికి రెండుసార్లొచ్చింది కదా. లోపల తుప్పు పట్టకుండా ముందు నుంచీ ఆ గొట్టాలు ఏసుకోబట్టి తట్టుకుంది. నేకపోతే దక్కేదే కాదు. సగం డబ్బా ఉండిపోయింది, నీకిచ్చీత్తాను. పొద్దున్నే పరగడుపున నువ్వే దగ్గరుండి ఎయ్యి.”

కుర్చీ లాగిన చప్పుడైంది. బీరువా మీద డబ్బా కోసం లేచారు.

అత్తయ్య గుమ్మంలో కూర్చుని ఉంది. నా వైపు చూసింది. చెప్పొద్దన్న మనిషే ఇప్పుడేం చెయ్యాలో తెలియక చూసింది. నేను స్టవ్ ఆపి వెళ్ళాను.

“ఆ డబ్బా ఇవ్వకండి. నాకు కామెర్లు తెచ్చింది అవే.”

అంతకంటే మెత్తగా చెప్పే దారి అప్పుడు తోచలేదు, ఇప్పటికీ తోచదు. గోవింద ముందే అన్నీ చెప్పాను. మావారు డబ్బా పట్టుకుని అలాగే నిలబడ్డారు. చివరికి గోవిందతో, “పద బావా, మీ ఆవిణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెల్దాం. ఏటేటి ఏసుకుంటందో అన్నీ సెప్పండి. పసరైనా, బలం బిళ్ళైనా” అని చెప్పి, అతనితోపాటే వెళ్ళిపోయారు. సాయంత్రం దాకా రాలేదు.

వచ్చి అత్తయ్య పక్కన గుమ్మంలో కూర్చున్నారు.

“అమ్మా, నీకు ముందే తెల్సా?”

“తెల్సు.”

“మరి ఇన్నాళ్ళూ అందరిసేతా అనిపించుకుని...”

ఆవిడ కొడుకు వీపు మీద చెయ్యి వేసింది. “పొద్దుట్నించి ఏటీ తిన్నట్టు లేవు. ఏటైనా ఒండమంటావా?” అని అడిగింది. తన ఇంట్లో తన కొడుకునే అనుమతి అడుగుతున్నట్టు అడిగింది. అప్పుడు ఏడ్చారు ఆయన. ఆ రాత్రి అత్తయ్యే వండింది, అందరం తిన్నాం.

గోవింద భార్య కోలుకుంది. చుట్టాలందరికీ మావారే ఫోన్లు చేసి, “మా అమ్మ వంట కాదు, నానిచ్చిన మాత్రలు” అని చెప్పారు. ఆయన్ని వద్దనలేకపోయాను. మా అమ్మకి మాత్రం నేనే చెప్పాను.

ఇది చదివేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒకటే. డాక్టరు ఏమైనా వాడుతున్నారా అని అడిగితే ఆకైనా, గింజైనా, పొడైనా, ప్రేమతో ఇచ్చిందైనా చెప్పండి. మందు కాదని మీకు మీరే తేల్చుకోకండి. మీరు చెప్పకపోతే ఆ ఖాళీలో ఎవరో ఒకర్ని నిలబెడతారు. నేను మా అత్తయ్యని నిలబెట్టాను.

అత్తయ్య చెప్పింది నిజమే అయింది. ఆయన నా చేతికి ఏదీ ఇవ్వడం మానేశారు. కాఫీ కలిపితే బల్ల మీద పెట్టి పక్కకెళ్ళిపోతారు. మొన్న నాకు జ్వరమొచ్చింది. డాక్టరు రాసిన మాత్రలు ఆయనే తెచ్చారు. అట్ట మీద చదివి, చీటీ చూసి, మళ్ళీ చదివి మంచం పక్క స్టూలు మీద పెట్టారు. నేను అరచెయ్యి చాపాను. “ఇవ్వండి” అన్నాను. ఆయన అట్టలోంచి మాత్ర తీశారు కానీ చెయ్యి ముందుకు రాలేదు. నేను చెయ్యి తీయలేదు.

అత్తయ్య వచ్చి కొడుకు వేళ్ళలోంచి మాత్ర తీసుకుని నా అరచేతిలో పెట్టింది. వేసుకున్నాను.